ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

జాన్ కేజ్, లిగెటి, స్టీవ్ రైక్ లాంటి పేర్లు ఎక్కడో విని, యూట్యూబ్‌లో వెతికి, రెండు నిమిషాలు విని ఆపేసినవాళ్లు అడిగే సందేహాలివి. అడిగేవాళ్లలో చాలామంది ఎంతోకొంత కర్ణాటక సంగీతం విన్నవాళ్లు, లేదా పిల్లలకు పియానోనో వయొలినో నేర్పిస్తున్నవాళ్లు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. తాళం వేయడం, శ్రుతి పట్టుకోవడం తెలిసిన మన చెవికి ఈ సంగీతం అంత పరాయిదేమీ కాదని నా గట్టి నమ్మకం.

## మొదలుపెట్టే ముందు

"ఆధునిక శాస్త్రీయ సంగీతం" అంటే ఏది?

బాఖ్, మొజార్ట్, బీథోవెన్‌ల వరుసలోనే వచ్చి, 1900 ప్రాంతం నుంచి దారి మార్చుకున్న సంగీతం. రెండో ప్రపంచయుద్ధం దాకా వచ్చినదాన్ని ఆధునికం అనీ, ఆ తర్వాతి నుంచి ఇవాళ్టి దాకా రాస్తున్నదాన్ని సమకాలీనం అనీ స్థూలంగా అంటారు. వాయిద్యాలు చాలావరకు అవే, నొటేషన్ చూసి వాయించడమూ అదే. లోపలి నియమాలు మారాయి. పాత పద్ధతిలో ప్రతి రచనకూ ఒక 'కీ' ఉంటుంది; ఎంత దూరం తిరిగినా చివరికి ఆ స్వరం దగ్గరికే చేరాలి. డెబస్సీ, షోన్‌బెర్గ్, స్ట్రావిన్‌స్కీ, బార్టోక్ ఆ నియమాన్ని ఎవరి పద్ధతిలో వాళ్లు సడలించారు. అక్కడినుంచి దారులు ఇంకా చీలిపోయాయి. ఆర్వో పార్ట్ రాసిన మెత్తని పియానో రచనా, జెనాకిస్ రాసిన భీకరమైన ఆర్కెస్ట్రా రచనా రెండూ ఈ పేరు కిందికే వస్తాయి. కాబట్టి ఒకరి రచన నచ్చలేదని మొత్తాన్నీ పక్కన పెట్టేయడం తొందరపాటు.

నాకు ఇది వట్టి గోలలా ఉంది. లోపం నా చెవిదేనా?

కాదు. మన చెవి ఏ సంగీతం విన్నా ముందు రెండు వెతుక్కుంటుంది: షడ్జం ఎక్కడుంది, తాళం ఎక్కడ పడుతోంది. కొన్ని రచనల్లో ఈ రెండూ ఉండవు, లేకుండా ఉండాలనే రాశారు. దొరకనిదాన్ని వెతుకుతూ ఉంటే విసుగు రావడం సహజం. అలాంటప్పుడు వేరేది పట్టుకోండి: ఏ వాయిద్యం మోగుతోంది, శబ్దం పలచగా ఉందా దట్టంగా ఉందా, పైకి పోతోందా కిందికి దిగుతోందా. మొదటిసారి ఈ మూడింటిలో ఒక్కదాన్నే గమనించండి. రెండోసారి విన్నప్పుడు అదే రచన చాలావరకు విడివిడిగా వినిపిస్తుంది. రెండోసారీ ఏమీ అనిపించకపోతే ఆ రచన మీది కాదు, ఇంకోటి వినండి. మొహమాటం అక్కర్లేదు.

ఏది ముందు వినాలి?

తాళం మీద ఇష్టం ఉంటే స్టీవ్ రైక్ రాసిన 'మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్'. 1976లో న్యూయార్క్‌లో మొదటిసారి వాయించారు. సుమారు గంటసేపు ఒకే నడక నడుస్తుంది, లోపల రంగులు మారుతుంటాయి. ప్రశాంతంగా ఏదైనా కావాలంటే ఆర్వో పార్ట్ 1978లో రాసిన 'ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్', పియానో, వయొలిన్ రెండే. ఆర్కెస్ట్రా హోరు కావాలంటే స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'. షోన్‌బెర్గ్, బూలేజ్, ష్టాక్‌హౌజెన్‌లతో మొదలుపెట్టమని మాత్రం చెప్పను. వాళ్లు గొప్పవాళ్లే, కానీ చెవి కాస్త అలవాటు పడ్డాక వాళ్ల దగ్గరికి వెళ్తే దొరికేది ఎక్కువ. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, సగం శబ్దాలు అందులో వినపడవు.

కచేరీల్లో జనం నిజంగా గొడవ చేశారా?

చేశారు, ఒకే ఏడాదిలో రెండుసార్లు. 1913 మార్చి 31న వియన్నాలో షోన్‌బెర్గ్ నడిపించిన కచేరీలో ఆయన శిష్యుడు ఆల్బన్ బెర్గ్ పాటలు వస్తుండగా గొడవ ముదిరి, కార్యక్రమం మధ్యలోనే ఆగిపోయింది. చివర్లో రావాల్సిన మాలర్ పాటలు వినే అవకాశమే లేకపోయింది. రెండు నెలలు తిరక్కుండానే మే 29న ప్యారిస్‌లో స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' బ్యాలే ప్రదర్శన. బసూన్ అనే మంద్ర వాయిద్యం తన మామూలు పరిధికి మించిన పై స్థాయిలో ఎత్తుకోవడంతో మొదలవుతుంది అది. కాసేపటికే నవ్వులు, ఈలలు, అరుపులు. స్టేజి మీద డ్యాన్సర్లకు ఆర్కెస్ట్రా వినపడకపోతే, నృత్యం కూర్చిన నిజిన్‌స్కీ పక్కన నిలబడి అంకెలు అరుస్తూ లెక్క చెప్పాడు. కండక్టర్ పియెర్ మాంతూ మాత్రం ఆపకుండా చివరిదాకా నడిపించాడు. గొడవకు సంగీతం ఎంత కారణమో, పాదాలు లోపలికి తిప్పి గెంతే ఆ నృత్యం కూడా అంతే కారణం. ఇవాళ ఆ రచనను పెద్ద ఆర్కెస్ట్రాలన్నీ వాయిస్తున్నాయి.

## వింటున్నప్పుడు

పన్నెండు స్వరాల పద్ధతి అంటారు. మనకూ పన్నెండు స్వరస్థానాలే కదా, తేడా ఏంటి?

స్థానాలు అవే, వాటి మధ్య బంధుత్వం వేరు. మనకు రాగం అంటే పన్నెండింట్లో కొన్నిటిని ఎంచుకోవడం. ఎంచుకున్న ప్రతి స్వరాన్నీ షడ్జంతో పోల్చే వింటాం. తంబురా ఆగిపోతే గాంధారం గాంధారమని చెప్పడం కష్టం. ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ 1920ల మొదట్లో తీర్చిదిద్దిన పద్ధతిలో షడ్జమే లేదు. పన్నెండు స్వరాలనూ ఒక వరుసలో పేరుస్తారు, ఒక్కో స్వరం ఒక్కసారే. రచన మొత్తానికి ఆ వరుసే ఆధారం. దాన్ని వెనకనుంచి ముందుకు వాయించొచ్చు, ఆరోహణను అవరోహణగా తిరగెయ్యొచ్చు, తిరగేసినదాన్ని మళ్లీ వెనకనుంచి వాయించొచ్చు. అలా నాలుగు రూపాలు, ఒక్కోటీ పన్నెండు స్థాయిల్లో, మొత్తం 48.

ఇంత కట్టడి దేనికంటే, ఏ స్వరమూ పెత్తనం చెయ్యకూడదని. షడ్జం లేని సంగీతం నిలబడాలంటే ఇంకేదో పట్టి ఉంచాలి, ఆ పని వరుస చేస్తుంది. వినేటప్పుడు వరుసను లెక్కపెట్టక్కర్లేదు, పెట్టడం సాధ్యమూ కాదు. షోన్‌బెర్గ్ శిష్యుడు ఆంటన్ వెబెర్న్ 1928లో రాసిన సింఫనీ విని చూడండి. పది నిమిషాలే. ఒక్కో స్వరం ఒక్కో వాయిద్యానికి చేతులు మారుతూ పోతుంటుంది.

ఒకటే ముక్క మళ్లీ మళ్లీ వాయిస్తారు. ఇందులో వినడానికి ఏముంది?

దీన్ని మినిమలిజం అంటారు. చదివితే అర్థం కాదు, ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యాల్సిందే. స్టీవ్ రైక్ 1972లో 'క్లాపింగ్ మ్యూజిక్' అని రెండు జతల చేతులకు ఒక రచన రాశాడు. పన్నెండు అక్షరాల ఆవర్తనం. మూడు చప్పట్లు, ఒక ఖాళీ. రెండు, ఒక ఖాళీ. ఒకటి, ఒక ఖాళీ. రెండు, ఒక ఖాళీ.

త త త – త త – త – త త –

మొదట ఇద్దరూ కలిసి ఇదే కొడతారు. పన్నెండు ఆవర్తనాలయ్యాక మొదటి మనిషి అలాగే ఉంటాడు, రెండో మనిషి ఒక్క అక్షరం ముందుకు జరుగుతాడు.

త త – త త – త – త త – త

ఇప్పుడు రెండూ కలిపి వినండి. ఒకరి ఖాళీలో ఇంకొకరి చప్పట్లు పడి, ఇద్దరిలో ఎవరూ కొట్టని కొత్త నడక పుడుతుంది. మళ్లీ పన్నెండు ఆవర్తనాలు, మళ్లీ ఒక అక్షరం జరపడం. పన్నెండుసార్లు జరిగాక ఇద్దరూ తిరిగి కలుస్తారు. మొత్తం ఐదు నిమిషాల లోపే. మొదటి మనిషిదే కష్టమైన పని, ఎందుకంటే పక్కవాడు లాగుతున్నా తన ఎత్తుగడ వదలకూడదు. మృదంగం, ఘటం తని ఆవర్తనం శ్రద్ధగా విన్నవాళ్లకు ఇందులో ఆనందం వెంటనే దొరుకుతుంది.

ఇది రైక్‌కు యంత్రం దగ్గర తట్టిన ఆలోచన. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో ఒక ప్రబోధకుడి మాటలు రికార్డు చేసి, ఒకే ముక్కను రెండు టేప్ మిషన్ల మీద తిప్పుతుంటే అవి కొద్దికొద్దిగా ఎడమయ్యాయి. ఆ ఎడమవ్వడమే 1965లో 'ఇట్స్ గోనా రెయిన్' అనే రచన అయింది. తర్వాత అదే పనిని మనుషులతో చేయించాడు.

ఏమీ వాయించకుండా కూర్చుంటే సంగీతం ఎలా అవుతుంది?

మీరు అడుగుతున్నది జాన్ కేజ్ రచన '4 నిమిషాల 33 సెకన్లు' గురించి. 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర, అడవి వైపు తెరిచి ఉండే ఒక చెక్క హాల్లో డేవిడ్ ట్యూడర్ దీన్ని మొదట ప్రదర్శించాడు. మూడు భాగాలు. భాగం మొదలైనప్పుడు పియానో మూత వేసి, అయిపోయాక తీశాడు. ఒక్క మెట్టూ నొక్కలేదు. చాలామందికి కోపం వచ్చింది.

అంతకుముందు ఏడాది కేజ్ హార్వర్డ్‌లో, బయటి చప్పుడు ఏమాత్రం చొరబడని ఒక గదిలోకి వెళ్లాడు. అక్కడా రెండు శబ్దాలు వినిపించాయి, ఒకటి తారస్థాయిలో, ఒకటి మంద్రంలో. అవి తన ఒంట్లోవే అని తెలిశాక, బతికున్న మనిషికి పూర్తి నిశ్శబ్దమనేది ఉండదని ఆయనకు రూఢి అయింది. వుడ్‌స్టాక్‌లో ఆ రోజు చెట్లలో గాలి, పైకప్పు మీద వాన చినుకులు, జనం గొణుగుడు, అన్నీ వినిపించాయి. ఆ శబ్దాలనే రచనగా వినమని కేజ్ కోరాడు. ఇది ఆకతాయితనమని అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన దీన్ని ఎంతో గంభీరంగా తీసుకున్నాడనీ, ఏళ్ల తరబడి ఆలోచించి చేశాడనీ ఆయన రాతలు చదివితే తెలుస్తుంది. రికార్డింగ్‌లో వినడం కంటే నలుగురితో కలిసి ఒక హాల్లో కూర్చుని వినడం మేలు.

పియానో తీగల మధ్య మరలు, రబ్బరు ముక్కలు పెడతారట. పియానో పాడైపోదా?

జాగ్రత్తగా పెడితే పాడవదు. ఎక్కడ, ఏ సైజుది పెట్టాలో స్వరకర్త కొలతలతో సహా రాసి ఇస్తాడు. జాన్ కేజ్ సియాటిల్‌లో ఒక నృత్యానికి సంగీతం రాస్తున్నప్పుడు తాళవాద్య బృందం పట్టేంత చోటు స్టేజి దగ్గర లేదు. ఉన్న ఒక్క పియానోనే బృందంగా మార్చుకున్నాడు. మెట్టు నొక్కితే గంట, చెక్క, చిన్న డోలు లాంటి శబ్దాలు వస్తాయి. 1946–48 మధ్య రాసిన 'సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్'లో 45 స్వరాలకు ఇలాంటి అమరిక ఉంది. ఆ రచనలో కేజ్ తీసుకున్న విషయం మన నవరసాలు. అన్నీ చివరికి శాంతం వైపు మొగ్గుతాయన్న భావన ఆయనకు నచ్చింది.

హారర్ సినిమా మ్యూజిక్ లాగే ఎందుకుంటుంది?

వరుస తిరగబడింది: సినిమాలే దీన్ని తీసుకున్నాయి. 1968లో స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో హంగరీ స్వరకర్త జ్యోర్జ్ లిగెటి రచనలు వాడాడు. వాటిలో 1961 నాటి 'అట్మాస్ఫియర్స్' ఉంది. అందులో మెలొడీ గానీ లయ గానీ పట్టుకోవడానికి ఉండవు. ఆర్కెస్ట్రాలో దాదాపు ప్రతి వాయిద్యానికీ విడిగా ఒక స్వరం ఇచ్చి, అన్నిటినీ ఒక పొగమంచులా కలిపేశాడు. పోలండ్‌కు చెందిన పెండెరెట్‌స్కీ రచనలూ భయానక సన్నివేశాల్లో బాగా వాడారు. హిరోషిమా మృతుల స్మృతికి అంకితమిచ్చిన ఆయన రచనలో 52 తంత్రీ వాయిద్యాలు ఎంత పైకి వెళ్లగలవో అంత పైస్థాయిలో మొదలవుతాయి. సినిమా చూసి అలవాటైనవాళ్లకు ఈ శబ్దం అంటే దయ్యమే గుర్తొస్తుంది. కళ్లు మూసుకుని, కథ ఏమీ ఊహించుకోకుండా ఒకసారి వినండి. భయం తగ్గి, శబ్దం ఎలా కదులుతోందో వినిపించడం మొదలవుతుంది.

రైలు చప్పుడు, టేప్ రికార్డర్ కూడా శాస్త్రీయ సంగీతంలోకి ఎలా వచ్చాయి?

ఫ్రెంచ్ రేడియోలో ఇంజనీరుగా ఉన్న పియెర్ షెఫెర్ 1948లో రైలు ఇంజన్ల చప్పుడును రికార్డు చేసి, ముక్కలు చేసి, పేర్చి ఒక రచన చేశాడు. నొటేషన్ లేదు, వాయించేవాళ్లు లేరు. కొన్నేళ్లకే జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియోలో కార్ల్‌హైన్జ్ ష్టాక్‌హౌజెన్, ఒక బాలుడి గొంతునూ యంత్రం పుట్టించిన ధ్వనులనూ కలిపి 1956లో 'గెజాంగ్ డెర్ యూంగ్లింగె' చేశాడు. ఇవాళ ల్యాప్‌టాప్‌లో అందరూ చేస్తున్న శాంప్లింగ్, లూపింగ్ పనులు ఆ రోజుల్లో టేపును బ్లేడుతో కోసి అతికించి చేసినవే.

కొన్ని అరనిమిషమే, కొన్ని గంటలకొద్దీ. ఎందుకలా?

వెబెర్న్ రాసిన ఐదు చిన్న ఆర్కెస్ట్రా రచనల్లో నాలుగోది అరనిమిషం కూడా ఉండదు. మార్టన్ ఫెల్డ్‌మన్ 1983లో రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్‌కు ఆరు గంటల దాకా పడుతుంది, అందులో చాలా భాగం చెవి రిక్కించి వినాల్సినంత మెల్లగా. జర్మనీలోని హాల్బర్‌ష్టాట్ పట్టణపు చర్చిలో జాన్ కేజ్ ఆర్గన్ రచన ఒకటి 2001లో మొదలైంది, 2640 దాకా నడవాలి. 'వీలైనంత నిదానంగా' వాయించమని ఆయన రాసిన సూచనను అక్కడివాళ్లు అక్షరాలా తీసుకున్నారు. మొదటి పదిహేడు నెలలూ విరామమే. 2024 ఫిబ్రవరి 5న స్వరం మారినప్పుడు దాన్ని వినడానికి జనం చర్చికి వచ్చారు.

## మన సంగీతంతో సంబంధం

మన తాళాలను వాడుకున్న పాశ్చాత్య స్వరకర్తలు ఉన్నారా?

అందరికంటే ముందు చెప్పాల్సింది ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే మెస్సియాన్ పేరు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో చెప్పిన 120 దేశీ తాళాల పట్టిక ఒక ఫ్రెంచ్ సంగీత విజ్ఞాన సర్వస్వంలో ఆయన కంటపడింది. జీవితాంతం వాటిని వదల్లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి, గోర్లిట్స్ ఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు ఆయన 'క్వార్టెట్ ఫర్ ది ఎండ్ ఆఫ్ టైమ్' పూర్తి చేశాడు. అక్కడ దొరికిన వాద్యకారులకు తగ్గట్టు వయొలిన్, చెల్లో, క్లారినెట్, పియానో. 1941 జనవరి 15న ఖైదీల ముందే వాయించారు. మొదటి భాగంలో పియానో ఏం చేస్తుందో చూడండి. రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే మూడు తాళాలను కలిపి 17 విలువల లయ ఒకటి తయారు చేశాడు. స్వరాల వైపు 29 కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరుస ఉంది. రెండూ ఒకేసారి మొదలవుతాయి. 17 అయ్యేసరికి లయ మళ్లీ మొదటికొస్తుంది, కార్డ్‌లు ఇంకా పన్నెండు మిగిలి ఉంటాయి. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి, మళ్లీ రెండూ ఒకేచోట కలవాలంటే 493 కార్డ్‌లు గడవాలి. అంతకు చాలా ముందే ఆ భాగం ఆగిపోతుంది. అంతం లేని కాలంలోంచి ఒక ముక్క మాత్రమే మనకు వినిపిస్తుందన్నమాట. ముక్తాయింపు సమానికి సరిగ్గా వచ్చి పడితే మురిసిపోయే మనకు, ఎప్పటికీ సమానికి రాని ఈ లెక్క కొత్త. మన తాళాలతోనే ఆయన అలా కట్టాడన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఫిలిప్ గ్లాస్, టెర్రీ రైలీ మన సంగీతం నేర్చుకున్నారంటారు. నిజమేనా?

నిజమే, అయితే ఈ ఇద్దరు అమెరికా స్వరకర్తల దారులూ వేరు. గ్లాస్ 1960ల మధ్యలో ప్యారిస్‌లో ఉన్నప్పుడు, ఒక సినిమా కోసం పండిట్ రవిశంకర్ కూర్చిన సంగీతాన్ని పాశ్చాత్య నొటేషన్‌లోకి రాసిపెట్టే పని చేశాడు. నొక్కు ఎక్కడ పెట్టినా తప్పే అవుతుంటే, తబలా విద్వాంసుడు అల్లా రఖా స్వరాలన్నీ సమానమేనని చెప్పాడు. గ్లాస్ కొలతల అడ్డగీతలు తీసేశాడు. చిన్న ముక్కలు కలుపుతూ పోయే లయ అప్పుడు కనిపించింది. తర్వాతి ఆయన శైలికి అదే పునాది. 1980లో రోటర్‌డామ్‌లో మొదట ప్రదర్శించిన ఆయన ఒపెరా 'సత్యాగ్రహ' గాంధీ దక్షిణాఫ్రికా రోజుల గురించి. పాడేదంతా సంస్కృతంలో, భగవద్గీత శ్లోకాలు.

రైలీది గురుశిష్య సంబంధం. కిరానా ఘరానాకు చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్ 1970లో అమెరికా వెళ్లినప్పుడు టెర్రీ రైలీ, అక్కడి మరో స్వరకర్త లా మాంటె యంగ్ ఆయన శిష్యులయ్యారు. గురువు బతికున్నంతకాలం ఆ శిష్యరికం కొనసాగింది.

తెలుగువాళ్లెవరైనా ఇటువైపు వచ్చారా?

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు ముందుగా చెప్పాలి. ఇంగ్లండ్‌కు చెందిన మైకేల్ నైమన్‌తో కలిసి చేసిన రచన 2003లో వచ్చిన 'సంగమ్' ఆల్బంలో ఉంది. నైమన్ ముందు సంగీత విమర్శకుడు. కేజ్ తర్వాతి ప్రయోగాత్మక సంగీతం గురించి 1974లో ఒక ముఖ్యమైన పుస్తకం రాశాడు. నైమన్ బ్యాండ్ ఆగకుండా కొట్టే కార్డ్‌ల మీద శ్రీనివాస్ గమకాలు ఎక్కడా తమ స్వభావం వదులుకోవు. రెండు సంగీతాలను కలిపేశామని చెప్పుకునే ఆల్బంలు బోలెడు ఉన్నాయి, ఇది వినదగ్గది.

ఇష్టం వచ్చినట్టు వాయించడమేగా ఇది? మన మనోధర్మం లాంటిదేనా?

రెండూ దాదాపు ఎదురెదురు దిక్కులు. మనోధర్మం అంటే ఏళ్ల సాధనతో పదునెక్కిన అభిరుచి ఆ క్షణంలో పలకడం. జాన్ కేజ్ కోరుకున్నది తన ఇష్టాయిష్టాలు సంగీతంలోకి రాకుండా చూడటం. 1951 నాటి 'మ్యూజిక్ ఆఫ్ చేంజెస్'కు ప్రతి స్వరాన్నీ, దాని నిడివినీ, బలాన్నీ నాణేలు ఎగరేసి, చైనా ప్రాచీన గ్రంథం 'ఈ చింగ్' పట్టికల ప్రకారం నిర్ణయించాడు. రాయడంలోనే ఆ యాదృచ్ఛికత. వాయించేవాడికి మాత్రం ప్రతిదీ కచ్చితంగా రాసి ఉంటుంది, ఒక్క స్వరం అటూ ఇటూ కాకూడదు.

రోజూ తంబురా పెట్టుకునే మాలాంటివాళ్లకు దగ్గరగా ఉండేది ఏది?

స్పెక్ట్రల్ సంగీతం. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది, స్వయంభూ గాంధారం అంటాం. మంద్రస్వరం లోపల దాగి ఉండే అనుస్వరాల వల్ల అది వస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన జెరార్ గ్రిజే 1975లో రాసిన 'పార్షియెల్స్' ఈ సూత్రం మీదే నిలబడింది. ట్రాంబోన్ మంద్రంలో ఊదే ఒక్క స్వరాన్ని విశ్లేషించి, దాని అనుస్వరాలను పద్దెనిమిది వాయిద్యాలకు పంచాడు. మొదట్లో మొత్తం బృందం ఒకే పెద్ద వాయిద్యంలా మోగుతుంది, పోనుపోను ఆ స్వచ్ఛత చెదిరిపోతుంది.

లా మాంటె యంగ్ 1960లో రాసిన ఒక రచనలో రెండే స్వరాలు, ఒకదానికొకటి స, ప. 'చాలాసేపు పట్టి ఉంచాలి' అని సూచన. ఆయన మన సంగీతం నేర్చుకోవడానికి పదేళ్ల ముందటి మాట అది.

ఇండియాలో ఇలాంటి ప్రయోగాలు జరిగాయా?

జరిగాయి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో డేవిడ్ ట్యూడర్ సాయంతో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అక్కడ రచనలు చేసినవాళ్లలో గీతా సారాభాయ్ ఒకరు. ఆమె 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య పద్ధతులు నేర్చుకుని, బదులుగా ఆయనకు మన సంగీతం గురించి చెప్పారు. మనసును కుదుటపరచి దైవానికి దగ్గర చేయడమే సంగీతం పని అని ఆమె తన గురువు మాటగా చెప్పింది కేజ్ జీవితాంతం తలుచుకున్నాడు.

## స్వరకర్తల గురించి

లెక్కలు వేసి రాసినదాంట్లో హృదయం ఉంటుందా?

యానిస్ జెనాకిస్ జీవితం తెలిస్తే ఈ ప్రశ్న రాదు. గ్రీకు ప్రతిఘటన ఉద్యమంలో ఉండి, 1944 డిసెంబర్‌లో ఏథెన్స్ వీధిపోరాటంలో ఫిరంగి గుండు ముక్క తగిలి ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. ప్యారిస్ పారిపోయి, చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన ల కోర్బూజియే దగ్గర ఇంజనీరుగా చేరాడు. 1955లో మొదట వాయించిన 'మెటాస్టాసిస్'లో తంత్రీ వాయిద్యాలు ఒక్కోటీ తన వేగంతో, తన దిశలో జారుతూ పోతాయి. ఆ జారుడు గీతలను కాగితం మీద గీస్తే వచ్చిన వంపులే 1958 బ్రసెల్స్ ప్రదర్శనలోని ఫిలిప్స్ భవనం గోడలకూ వాడాడు. వేలమంది ఒకే నినాదం ఇస్తూ నడవడం, కాల్పులు మొదలుకాగానే ఆ నినాదం చెల్లాచెదురు కావడం ఆయన చెవులారా విన్నవి. అంతమంది కలిసి చేసే శబ్దాన్ని కాగితం మీద పెట్టడానికి ఆయనకు సంభావ్యతా గణితం కావాల్సొచ్చింది.

ఆడవాళ్ల పేర్లు వినపడవేం?

పేర్లు చాలానే ఉన్నాయి, ప్రచారమే తక్కువ. రష్యాలో పుట్టిన సోఫియా గుబైదులినా (1931–2025) వయొలిన్ రచన 'ఆఫర్టోరియం'లో బాఖ్ స్వరపల్లవి ఒకటి వచ్చిన ప్రతిసారీ రెండు చివర్లా ఒక్కో స్వరం రాలిపోతుంది. గోపుచ్ఛ యతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ఫిన్లండ్‌కు చెందిన కాయా సారియాహో ఒపెరా 'లమూర్ ద ల్వాన్' 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకు వచ్చింది. అంతకుముందు అక్కడ ఒక మహిళ రాసిన ఒపెరా వేసింది 1903లో. అమెరికాకు చెందిన పాలీన్ ఒలివెరోస్ నేల కింద పద్నాలుగు అడుగుల లోతున్న ఖాళీ నీళ్ల ట్యాంకులోకి అకార్డియన్‌తో దిగి రికార్డు చేసింది. అక్కడ ప్రతిధ్వని 45 సెకన్లు నిలుస్తుంది. నా దృష్టిలో ముందుగా వినాల్సింది గుబైదులినానే.

భక్తి ఉన్న రచనలు లేవా?

చాలా ఉన్నాయి. ఎస్టోనియాకు చెందిన ఆర్వో పార్ట్ కొన్నేళ్లు దాదాపు ఏమీ రాయకుండా పాత చర్చి గానాన్ని చదువుకుని, 1976లో కొత్త పద్ధతితో తిరిగొచ్చాడు: ఒక గొంతు మెట్టుమెట్టుగా కదులుతుంటే రెండోది మూడే స్వరాల్లో గంటలా మోగుతుంది. పోలండ్‌కు చెందిన గురెట్‌స్కీ 1976లో రాసిన మూడో సింఫనీలో, నాజీల చెరలో ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి గోడ మీద రాసుకున్న ప్రార్థన పాటగా వస్తుంది. 1992లో వచ్చిన దాని రికార్డింగ్ పది లక్షలకు పైగా అమ్ముడైంది.

## కచేరీ, సాధన

కచేరీకి వెళ్తే ఎలా ఉండాలి?

తొడ మీద తాళం, మధ్యలో 'భళా' వద్దు. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు. సందేహంగా ఉంటే కండక్టర్ చేతులు పూర్తిగా దించేదాకా ఆగండి. ఆలస్యంగా వెళ్తే విరామం దాకా లోపలికి పంపకపోవచ్చు. ప్రోగ్రాం కాగితం ముందే చదవండి, కొత్త రచనలకు అది నిజంగా పనికొస్తుంది. మన దేశంలో ముంబయి ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్)లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006 నుంచి ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లు న్యూయార్క్‌లో బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్, ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్, జర్మనీలో డోనావెషింగెన్ ఉత్సవాల వివరాలు చూసుకోవచ్చు.

మా పాప పియానో గ్రేడ్‌లు చేస్తోంది. పిల్లలకు ఇలాంటివి ఇవ్వొచ్చా?

తప్పకుండా ఇవ్వొచ్చు. బార్టోక్ 'మైక్రోకాస్మోస్' ఆరు భాగాల్లో 153 రచనలు, మొదటివి అప్పుడే మొదలుపెట్టిన పిల్లలకు కూడా వస్తాయి. చివరి ఆరూ కష్టం, బల్గేరియా నృత్యాల లయలో ఉంటాయి. వాటిలో 150వది రెండు, మూడుగా విరిగే ఐదు, అంటే మన ఖండచాపు. పాపకు చాపు తాళం చేత్తో వేయించి, తర్వాత పియానో దగ్గర కూర్చోబెట్టండి. పరీక్ష టెన్షన్ లేని సెలవుల్లో అయితే ఇంకా మంచిది.

నేను వీణ వాయిస్తాను. వీటిలో నేను వాయించగలిగేది ఏదైనా ఉందా?

టెర్రీ రైలీ 1964లో రాసిన 'ఇన్ సి'. ఏ వాయిద్యమైనా, ఎంతమందైనా సరే. 35 మంది దాకా ఉంటే బాగుంటుందని ఆయన అన్నాడు గానీ ఆరుగురితో కూడా నడుస్తుంది. నొటేషన్ ఒక్క పేజీ, అందులో 53 చిన్న ముక్కలు. ఒక్కో ముక్కను మీకు తోచినన్నిసార్లు వాయించి తర్వాతిదానికి వెళ్లాలి. ముక్కను మార్చకూడదు. కావాలంటే దాటెయ్యొచ్చు, కానీ మిగతావాళ్లకు రెండు మూడు ముక్కల కంటే ముందుకో వెనక్కో పోకూడదు. అందరినీ కలిపి ఉంచడానికి ఒకరు తారస్థాయి 'సి'ని ఆగకుండా కొడుతుంటారు; ఆ ఉపాయం అప్పట్లో బృందంలో ఉన్న స్టీవ్ రైక్ చెప్పాడు.

'సి' అంటే మన ఒకటో శ్రుతి. వీణను అంత దించడం కుదరకపోతే బృందం మొత్తాన్నీ మీ శ్రుతికి మార్చుకోండి, పేరు తప్ప ఏమీ పోదు. రెండు మధ్యమాలు, రెండు నిషాదాలు వస్తాయి కాబట్టి ఒకే రాగంగా ఊహించుకోవద్దు. గమకం వెయ్యకుండా తిన్నగా మీటండి. ముందు మొదటి పది ముక్కలు మాత్రం, ఇద్దరు స్నేహితులతో, ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని ప్రయత్నించండి. పక్కవాళ్లు ఏ ముక్కలో ఉన్నారో వినడం అలవాటయ్యాక మిగతా 43 ముక్కలూ కలుపుకోవచ్చు.